గాలి దిగే టైరూ, అరవై శాతం వారంటీ

2023 మార్చిలో మా కారుకు నాలుగు టైర్లూ ఒకేసారి మార్పించాను. సైజు 185/65 ఆర్15 88హెచ్, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు, ఒక్కో టైరు మోయగల బరువు 560 కిలోలు, తట్టుకోగల వేగం గంటకు 210 కిలోమీటర్లు. ఒక్కొక్కటి 5,850 రూపాయలు పడింది. ఈ సమీక్ష ఆ నాలుగింటిలో ఒకదాని గురించి, దాని మీద నేను పెట్టిన వారంటీ క్లెయిము గురించి, ఆ క్లెయిము తేలేలోపు నేను ఎక్కి దిగిన దుకాణాల గురించి. కంపెనీ పేరు, డీలరు పేరు రాయడం లేదు. ఒక్క టైరు చూసి ఒక కంపెనీ మీద తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు.

2025 జూన్ మొదటి వారంలో హైదరాబాదు బయలుదేరుతూ పెట్రోలు బంకులో గాలి చూపించినప్పుడు, ఎడమ వైపు వెనక టైరులో 24 పాయింట్లే (గాలి ఒత్తిడి కొలత, పీఎస్ఐ) ఉన్నాయని అక్కడి కుర్రాడు చెప్పాడు. డ్రైవరు తలుపు అంచున అంటించిన పట్టీ ప్రకారం ఉండవలసినవి 33. మిగిలిన మూడింటిలోనూ 31, 32 ఉన్నాయి. చాలా రోజులుగా గాలి చూపించలేదు కాబట్టి తప్పు నాదే అనుకుని, నింపించుకుని వెళ్లిపోయాను. సూర్యాపేటలో టీ తాగడానికి ఆగినప్పుడు నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూశాను గానీ దానివల్ల ఏమీ తెలియదు. రేడియల్ టైరు గాలి నిండుగా ఉన్నప్పుడు కూడా నేలను తాకే చోట కొంచెం పొట్ట వేసినట్టే ఉంటుంది. పది పాయింట్లు తగ్గినా కంటికి పెద్ద తేడా కనబడదు. గాలి మెల్లగా దిగే టైరుతో ఉన్న అసలు చిక్కు ఇదే: అది దారిలో ఆపదు, వాహనాన్ని ఒక పక్కకు ఈడ్వదు, నాలుగు రోజులు పట్టించుకోకపోతే మాత్రం లోలోపల వేడెక్కి పాడవుతుంది.

విజయవాడ తిరిగి వచ్చాక రోజూ తెల్లవారుజామున, బండి కదపకముందు, సొంత గేజితో కొలిచి పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. మొదటి రోజు 33, రెండో రోజు 31.5, తరువాత 30, 28.5, అయిదో రోజు ఉదయానికి 27. అంటే నాలుగు రోజుల్లో ఆరు పాయింట్లు. ఏ లోపమూ లేని టైరు కూడా రబ్బరు గుండా నెలకు ఒకటి రెండు పాయింట్లు కోల్పోతుంది, వాతావరణం ఆరు డిగ్రీలు చల్లబడితే సుమారుగా ఒక పాయింటు తగ్గుతుంది. ఈ రెండింటినీ లెక్కలో వేసుకున్నా, రోజుకు ఒకటిన్నర పాయింట్లు పోవడం సహజం కాదు. ఉదయమే ఎందుకు కొలవాలంటే, ఎండలో నాలుగు కిలోమీటర్లు తిరిగి వచ్చిన టైరు మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపించి మనల్ని నమ్మిస్తుంది. తరువాత ఈ చిన్న పుస్తకం నాకు వారంటీ కార్డు కన్నా ఎక్కువ పనికివచ్చింది.

మొదట వెళ్లింది మా పటమటలోనే రోడ్డు పక్కన ఉన్న పంక్చర్ దుకాణానికి. అక్కడి కుర్రాడు చక్రం చుట్టూ చేయి తిప్పి, నేలను తాకే రబ్బరు దిమ్మెల, అంటే బటన్ల మధ్య గాడిలో దిగి ఉన్న చిన్న స్క్రూను చూసి, "ఇదిగోండి సార్, దొంగ దొరికాడు" అంటూ పటకారుతో పీకేశాడు. సబ్బు నీళ్లు పోసి అక్కడ బుడగలు వస్తున్నాయో లేదో అతను చూడలేదు, చూడమని నేనూ అనలేదు. పీకిన స్క్రూ పొడవు నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. అది టైరు మందాన్ని దాటి లోపలికి దిగిందన్న నమ్మకం నాకు ఇప్పటికీ లేదు. అతను మాత్రం పళ్లున్న చువ్వను ఆ చోట గుచ్చి, నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడించి, సొల్యూషన్ పూసిన స్ట్రిప్పును సూదికి ఎక్కించి లోపలికి తోసి, పైన మిగిలిన తోకలను బ్లేడుతో కోసేశాడు. అంటే లేని రంధ్రాన్ని ముందు చేసి, తరువాత దాన్ని పూడ్చాడు. 150 రూపాయలు తీసుకున్నాడు. మూడు రోజుల తరువాత నా పుస్తకంలో అంకెలు పాత వేగంతోనే దిగుతూ కనిపించాయి.

స్ట్రిప్పు గురించి ఒక మాట చెప్పాలి. టైరు విప్పకుండా బయటి నుంచి వేసే ఈ పద్ధతి అత్యవసరానికి మంచిదే. మేకు నేలను తాకే భాగంలోనే దిగి, రంధ్రం 6 మిల్లీమీటర్లకు మించకపోతే, టైరు విప్పి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్యాచ్ వేయించడం సరైన మరమ్మతు. దాని కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు లోపలి పొరను అంటిపెట్టుకుంటుంది. టైరు పక్క గోడ అయిన సైడ్‌వాల్‌కు గానీ, బటన్లు ముగిసి సైడ్‌వాల్ మొదలయ్యే భుజం దగ్గర గానీ ఏ మరమ్మతూ చేయకూడదు, ఎందుకంటే ప్రతి చుట్టులోనూ వంగి లేచేది ఆ భాగమే.

రెండోసారి టైర్లు కొన్న డీలరు దగ్గరికే వెళ్లాను. ఏసీ గది, గాజు తలుపు, కూర్చోవడానికి సోఫా, కంప్యూటరు తెర మీద చక్రాల అలైన్‌మెంటు బొమ్మ, అన్నీ ఉన్నాయి. లేనిది నీళ్ల తొట్టి ఒక్కటే. పని చేసే అబ్బాయి వాల్వు మీద ఉమ్మి రాసి చూసి (ఈ పరీక్ష మా నాన్నగారి సైకిలు నాటి నుంచీ ఉంది, తప్పు పట్టను), వాల్వు మార్చి, బ్యాలెన్సింగ్ చేసి, 310 రూపాయలకు బిల్లు ఇచ్చాడు. వాల్వును అనుమానించడం న్యాయమే. ట్యూబ్‌లెస్ చక్రంలో వాల్వు కాడ రబ్బరుది, ఎండకు పగుళ్లు పడుతుంది, లోపలి పిన్ను వదులైనా గాలి కారుతుంది. కానీ మూడు రోజుల తరువాత నేను మళ్లీ వెళితే, ఈసారి అలాయ్ రిమ్ము అంచు తుప్పు పట్టి టైరు రిమ్మును పట్టుకునే బీడింగు దగ్గర కారుతోందని, రిమ్ము మార్చుకుంటే మంచిదని సలహా ఇచ్చారు. అలాయ్ రిమ్ముల అంచున తెల్లటి పొట్టు లేవడం, అక్కడ గాలి జారడం నిజంగా జరిగే పనే. వాళ్లు మాత్రం టైరు విప్పి ఆ అంచును చూసి ఈ మాట చెప్పలేదు, నిలబెట్టిన చక్రాన్ని చూసి చెప్పారు. కొత్త రిమ్ము ధర విని నేను ఆలోచించుకుంటానని బయటికి వచ్చాను.

ఆటోనగర్‌కు వెళ్లమన్నది మా అపార్టుమెంటు వాచ్‌మన్. విజయవాడ వాళ్లకు ఆటోనగర్ గురించి చెప్పనక్కరలేదు. లారీ బాడీ కట్టేవాళ్లు, స్ప్రింగు కట్టలు సాపు చేసేవాళ్లు, రేడియేటరు మాట్లు వేసేవాళ్లు అందరూ వరుసగా ఉండే ఆ వీధుల్లో, లారీ టైర్ల గుట్టకు ఆనుకుని ఒక రేకుల పాక ఉంది. దాని ముందు సగానికి నేలలో దిగిన సిమెంటు తొట్టి, తొట్టి అంచు మీద కూర్చుని బీడీ కాలుస్తున్న పెద్దాయన కనిపించారు. నేను వచ్చిన పని చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకు ఎంత దిగుతోంది బాబూ?" అని. అప్పటికి పది రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. పుస్తకం తీసి చూపిస్తే, కళ్లద్దాలు పెట్టుకుని పేజీ మొత్తం చదివారు.

ఆయన చేసింది ఇది. చక్రం ఊడదీసి, గాలి 40 పాయింట్ల దాకా ఎక్కించి, తొట్టిలో పడుకోబెట్టారు. వెంటనే పైకి లేచిన బుడగలను చూపించి, "ఇవి అబద్ధపు బుడగలు, బటన్ల సందుల్లో ఇరుక్కున్న గాలి, పోనీ" అన్నారు. చేత్తో నీళ్లలోనే చక్రాన్ని రుద్ది, ఆ గాలిని వదిలించి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. రెండు మూడు నిమిషాలు నీరు కదలకుండా నిలిచింది. స్ట్రిప్పు వేసిన చోట ఏమీ లేదు, వాల్వు చుట్టూ ఏమీ లేదు, రిమ్ము అంచు పొడవునా ఏమీ లేదు. చక్రం తిరగేసి మళ్లీ ముంచారు. అప్పుడు సైడ్‌వాల్ మీద, కంపెనీ పేరు అచ్చు వేసిన అక్షరాలకు రెండు వేళ్ల దూరంలో, ఆవగింజ కన్నా చిన్న బుడగ ఒకటి పుట్టి, కాసేపు రబ్బరును పట్టుకుని వేలాడి, ఊడి పైకి వచ్చింది. దాని వెనకే మరొకటి, మరికాస్త పక్కన ఇంకొకటి. అక్కడ కోత లేదు, గీత లేదు, ఉబ్బు కూడా లేదు. ఆయన ఆ చోటు తుడిచి, పసుపు రంగు మైనపు సుద్దతో సున్నా చుట్టారు. నేను ఫోన్లో ఆ బుడగల వీడియో తీసుకున్నాను.

తరువాత టైరు విప్పి, లోపల టార్చి వేసి నన్ను వంగి చూడమన్నారు. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు చేసే పనిని లోపలి వైపు పరిచిన బ్యూటైల్ రబ్బరు పొర చేస్తుంది. ఆ రకం రబ్బరు గాలిని మిగతా రబ్బర్ల కన్నా చాలా తక్కువగా పోనిస్తుంది కాబట్టే దాన్ని అక్కడ వాడతారు. టైరు తయారయ్యేటప్పుడు ఆ పొరను పట్టీలా చుట్టి, రెండు కొసలనూ ఒకదాని మీద ఒకటి అతికిస్తారు. మా టైరులో ఆ అతుకు గీత, పసుపు సున్నాకు సరిగ్గా వెనక వైపు, అంగుళం మేర పెదవి విప్పినట్టు లేచి ఉంది. ఆయన వేలి గోరుతో కొసను కదిపి చూపించారు. గాలి అక్కడ లోపలికి దూరి, దారాల పొరల మధ్య పాకి, సైడ్‌వాల్ నుంచి బయటపడుతోంది. "ఇది పంక్చర్ కాదు బాబూ, పుట్టుకలోనే ఉన్న లోపం. నేను దీని మీద ప్యాచ్ వేస్తే నెలో రెండు నెలలో ఆగుతుంది, కానీ తరువాత కంపెనీ వాడు నా ప్యాచ్‌ను చూపించి నీ కార్డు చెల్లదంటాడు. ముట్టుకోకుండా తీసుకెళ్లు" అన్నారు. తన పనికి తానే అడ్డు చెప్పుకుని, విప్పి బిగించినందుకు 100 రూపాయలు మాత్రం తీసుకున్నారు. టైరు లోపల సీలెంటు ద్రవం ఏమైనా పోయించావా అని కూడా అడిగి, లేదని చెప్పాక "బతికిపోయావు" అన్నారు. ఆ జిగురు లోపల పేరుకుపోయి ఉంటే ఇంజినీరుకు ఈ అతుకు కనబడదు, కనబడని లోపాన్ని ఎవరూ ఒప్పుకోరు.

జూన్ 23న క్లెయిము పెట్టాను. ఇక్కడి నుంచి డీలరు గురించి మంచి మాట చెప్పాలి. వర్కుషాపులో ఎంత నిర్లక్ష్యం ఉందో, కౌంటరులో అంత పద్ధతి ఉంది. అక్కడి అమ్మాయి బిల్లు, వారంటీ కార్డు, ఆర్సీ నకలు, కిలోమీటర్ల రీడింగు (22,140) తీసుకుని, టైరు మీది అంకెలన్నీ రాసుకుని, క్లెయిము నంబరు అచ్చు వేసిన రసీదు ఇచ్చింది. టైరు మీద అండాకారపు గడిలో ఉండే చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. మా దాని మీద 0323 అని ఉంది, అంటే 2023లో మూడో వారం. "కొన్న బిల్లు లేకపోతే కంపెనీ ఈ తేదీనే లెక్కలోకి తీసుకుంటుంది సార్" అని ఆమె చెప్పింది. బిల్లు దాచుకున్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. మరొకటి కూడా ఆమె ముందే చెప్పింది: కారుతో పాటు వచ్చిన టైర్లయినా, తరువాత కొన్నవైనా, వారంటీ టైరు కంపెనీదే గానీ కారు కంపెనీది కాదు.

టైరును అక్కడ వదిలి, స్టెప్నీ మీద ఇంటికి వచ్చాను. (స్టెప్నీ అనే మాట వేల్స్ దేశంలోని లనెల్లీ పట్టణంలో ఉన్న స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904 ప్రాంతంలో అదనపు చక్రాన్ని తయారుచేసి అమ్మినవాళ్ల దుకాణం ఆ వీధిలో ఉండేది. ఇంగ్లండులో ఆ మాట మరుగున పడింది, మన దగ్గర పల్లెటూరి ఆటో డ్రైవరుకు కూడా తెలుసు.) మా కారు స్టెప్నీ మిగతా వాటికన్నా సన్నం, 80 కిలోమీటర్ల వేగం మించవద్దని దాని మీదే రాసి ఉంది. దాని మీద 19 రోజులు తిరగవలసి వస్తుందని ఆ రోజు తెలియదు. క్లెయిము తేలేదాకా తాత్కాలికంగా వాడుకోవడానికి ఒక టైరు ఇచ్చే ఏర్పాటు డీలరు దగ్గర లేకపోవడం ఈ సేవలో పెద్ద లోటు.

అయిదో రోజున, జూన్ 28న, ఫోనుకు సందేశం వచ్చింది. క్లెయిము తిరస్కరించారు. కారణం: బయటి వస్తువు గుచ్చుకోవడం, సరైన పద్ధతిలో లేని మరమ్మతు. మిగిలి ఉన్న ట్రెడ్డు, అంటే బటన్ల మధ్య గాడి లోతు, 4.9 మిల్లీమీటర్లు. అంతే. పటమట కుర్రాడు వేసిన 150 రూపాయల స్ట్రిప్పు అక్కడికి వెళ్లి నాకు ఎదురు సాక్ష్యం చెప్పింది.

నిజం చెప్పాలంటే తిరస్కరించడానికి కంపెనీకి ఉండే కారణాల్లో చాలావాటిని నేను ఒప్పుకుంటాను. మా బావ హైదరాబాదులో ఉంటాడు. గుంతలో పడి సైడ్‌వాల్ మీద నిమ్మకాయంత ఉబ్బు లేచిన టైరుతో క్లెయిముకు వెళితే ఆయనకు చెల్లలేదు, అది న్యాయమే. అంచున బలంగా దెబ్బ తగిలినప్పుడు లోపలి దారాలు తెగి అక్కడ రబ్బరు ఉబ్బుతుంది, దానికి తయారీతో సంబంధం లేదు. గాలి లేకుండా నడిపిన టైరునూ ఇంజినీర్లు ఇట్టే పట్టేస్తారు. లోపలి వైపు సైడ్‌వాల్ చుట్టూ నలిగిన వలయం, నల్లటి రబ్బరు పొడి కనిపిస్తాయి. నా టైరులో ఆ గుర్తులేవీ లేవు, ఎందుకంటే నేను ప్రతి రెండు మూడు రోజులకూ గాలి నింపుతూనే ఉన్నాను. అదీ పుస్తకంలో ఉంది. నా ఫిర్యాదు ఒక్కటే: ఇంజినీరు స్ట్రిప్పును చూశాడు గానీ పసుపు సున్నాను చూడలేదు. స్ట్రిప్పు ఉన్నది బటన్లలో, గాలి పోతున్నది సైడ్‌వాల్‌లో, రెండింటికీ మధ్య జానెడు దూరం ఉంది.

ఆ రోజు రాత్రి కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిలు రాశాను. కోపంగా రాయలేదు. క్లెయిము నంబరు, తేదీలు, రోజువారీ అంకెలు, బుడగల వీడియో, అతుకు లేచిన చోటి రెండు ఫోటోలు పెట్టి, నా సమక్షంలో మళ్లీ పరీక్షించాలని కోరాను. చివర ఒక్క వాక్యం చేర్చాను: వారం లోపల జవాబు రాకపోతే 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తానని. ఈ అవకాశాన్ని మనవాళ్లు చాలామంది వాడుకోరు. 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వస్తువు ఎక్కడ కొన్నా, మనం ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉన్న వ్యవహారాలకు రుసుము లేదు. ఆరు వేల టైరు కోసం అంత దూరం వెళ్లే ఓపిక నాకు ఉండేదో లేదో చెప్పలేను గానీ, ఆ వాక్యం రాసిన నాలుగో రోజే ఫోను వచ్చింది.

జూలై 9న వేరే ఇంజినీరు వచ్చారు. యాభై ఏళ్లు పైబడిన మనిషి, చిన్న తోలు సంచిలో టార్చి, లోతు కొలిచే గేజి, మొన మొద్దుగా ఉన్న సూది లాంటి పనిముట్టు తెచ్చుకున్నారు. నన్ను పక్కన నిలబెట్టుకునే పరీక్ష చేశారు. ముందు స్ట్రిప్పు ఉన్న చోట లోపలి వైపు చూసి, "ఇది గాలి ఆపుతోంది, పద్ధతి తప్పే గానీ కారడం లేదు" అన్నారు. తరువాత సూదితో అతుకు గీత వెంబడి మెల్లగా నడిచారు. పసుపు సున్నా వెనక ఉన్న చోట సూది మొన పొర కిందికి దూరిపోయింది. ఆయన దాన్ని అలాగే వదిలేసి ఫోటో తీసుకున్నారు. మొదటి పరీక్ష గురించి ఒక్క మాట కూడా అనలేదు, నేనూ అడగలేదు. గేజితో చుట్టూ నాలుగు చోట్ల, ఒక్కో చోట నాలుగు గాడుల్లోనూ కొలిచి, అన్నింటిలోకీ తక్కువైన 5.2ను కాగితం మీద వేశారు. మొదటి నివేదికలోని 4.9 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. గాడి మధ్యలో ఉండే అరుగుదల గుర్తు దిమ్మెకు దగ్గరగా గేజి ఆనిస్తే అంకె తగ్గుతుందని మాత్రం ఆయన చెప్పారు.

ఆ 0.3 మిల్లీమీటర్ల కోసం ఇంత రాయడానికి కారణం ఉంది. టైరు వారంటీ అంటే పాతది ఇచ్చి కొత్తది ఉచితంగా తెచ్చుకోవడం అని నేను అనుకున్నాను, చాలామంది అలాగే అనుకుంటారు. నా కార్డు ప్రకారం అది అరిగినంత మేరకు మనం డబ్బు కట్టి, మిగిలినంత మేరకు కంపెనీ భరించే ఒప్పందం. కొత్తగా ఉన్నప్పుడు ఈ రకానికి గాడి లోతు 7.6 మిల్లీమీటర్లు. 1.6 మిల్లీమీటర్లకు చేరితే కారు టైరు ఆయుష్షు తీరినట్టు లెక్క, చట్టం చెప్పే హద్దు కూడా అదే. కాబట్టి వాడుకోదగిన రబ్బరు 6 మిల్లీమీటర్లు. మా టైరులో మిగిలింది 5.2 నుంచి 1.6 తీసేస్తే 3.6, అంటే 60 శాతం. నేను కట్టవలసింది 40 శాతం. జూలైలో కొత్త టైరు ధర 6,400 రూపాయలు, అందులో నా వాటా 2,560. మొదటి నివేదిక అంకెతో అయితే ఇంకో 320 పడేది. ఈ లెక్కన ఒక మిల్లీమీటరు విలువ వెయ్యి రూపాయల పైమాటే. పాత ధర 5,850 మీద లెక్క కట్టరా అని అడిగితే, కంపెనీ భరించే 60 శాతం కూడా ఇప్పటి ధర మీదే కదా అని కౌంటరులోని అమ్మాయి కాగితం మీద వేసి చూపించింది. ఆమె చెప్పింది సరైనదే.

జూలై 12న కొత్త టైరు బిగించారు. మొదట లోపలి నుంచి తెచ్చిన దాని మీద 3824 అని చూసి, 2024 సెప్టెంబరులో తయారైనది నాకు వద్దన్నాను. పది నెలలు నిల్వ ఉన్నంత మాత్రాన టైరు పాడవదు, అది నాకు తెలుసు. కానీ క్లెయిములో ఇచ్చేది కూడా అమ్మకంలో ఇచ్చే సరుకే అయి ఉండాలని నా పట్టుదల. అయిదు నిమిషాల్లో 1925 ముద్ర ఉన్నది వచ్చింది, అంటే మే నెల సరుకు. అడిగితే ఉన్నప్పుడు, అడగకముందే ఎందుకు తేలేదన్నది వాళ్లే చెప్పాలి. ఒక్క టైరే కొత్తది కావడం వల్ల ఎడమ వైపు 7.6, కుడి వైపు 5 పైచిలుకు లోతు ఉన్నాయి. అందుకని తక్కువ అరిగిన పాత టైరును దానికి జతగా ఉంచి, రెండింటినీ వెనకే బిగించారు. ముందు చక్రాలు లాగే కార్లలో కూడా కొత్త రబ్బరు వెనకే ఉండాలి, తడి రోడ్డు మీద వెనక భాగం జారితే అదుపు చేయడం కష్టం. ఆ సంగతి నేను చెప్పకుండానే ఈసారి వర్కుషాపు అబ్బాయి చెప్పాడు. బిగింపు, బ్యాలెన్సింగ్, వాల్వు కలిపి మరో 310 తీసుకున్నారు. మూడు వారాల కిందటే మార్చిన కొత్త వాల్వుకు మళ్లీ డబ్బులెందుకని అడిగాను, సమాధానం రాలేదు, బిల్లు మారలేదు.

మొత్తం మీద నాకు అయింది 3,430 రూపాయలు: స్ట్రిప్పుకు 150, అవసరం లేని వాల్వుకూ బ్యాలెన్సింగుకూ 310, ఆటోనగర్‌లో 100, చివరి బిల్లు 2,870. ఇందులో వృథా కాని మొదటి ఖర్చు ఆటోనగర్‌లో ఇచ్చిన ఆ వంద. టైరు కొన్నవాళ్లకు పన్ను సంగతి కూడా గుర్తుండాలి. ఆ 6,400లో 28 శాతం జీఎస్టీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతానికి తగ్గింది. మూల ధర మారకపోతే అదే టైరు 5,900కు వస్తుంది, నా 40 శాతం వాటా 2,360 అయ్యేది. నా టైరు రెండున్నర నెలలు ఆగి కారడం మొదలుపెట్టి ఉంటే రెండు వందలు మిగిలేవి.

టైర్ల విషయానికి వస్తే, మిగిలిన మూడింటి మీద నాకు ఫిర్యాదు లేదు. వానలో పట్టు బాగుంది, చప్పుడు తక్కువ, 22 వేల కిలోమీటర్లకు అరిగింది రెండున్నర మిల్లీమీటర్ల లోపే. అతుకు లేవడం ఎప్పుడో ఒక టైరుకు జరిగే లోపమని రెండో ఇంజినీరు అన్నారు, ఆ మాటను నేను నమ్ముతున్నాను. టైరుకు అయిదులో మూడున్నర, డీలరు కౌంటరుకు నాలుగు, అదే డీలరు వర్కుషాపుకు రెండు ఇస్తాను. కంపెనీ క్లెయిము విభాగానికి మొదటి ఇంజినీరు పుణ్యమా అని రెండే ఇవ్వాలనుకున్నాను గానీ, రెండో ఆయన కోసం మూడు వేస్తున్నాను. ఫిర్యాదు చేసినవాడికి మాత్రమే రెండో ఆయన వస్తాడన్నది నాకు మింగుడుపడడం లేదు.

కొత్త టైరు బిగించిన మరునాడు ఆటోనగర్ వెళ్లి, క్లెయిము చెల్లిందని చెప్పాను. పెద్దాయన పాత టైరు ఏదని అడిగారు. కంపెనీ వాళ్లు తీసుకున్నారని, క్లెయిము చెల్లితే పాతది వాళ్లకే వదిలేయాలని చెబితే, "మరి నా సుద్ద గుర్తు కూడా పోయిందన్నమాట" అని నవ్వి, మిగిలిన మూడు చక్రాలనూ ఒక్కొక్కటిగా తొట్టిలో ముంచి చూసి పంపారు. దానికి డబ్బు తీసుకోలేదు. పుస్తకంలో రాయడం మాత్రం నేను మానలేదు. ఈ ఉదయం ఎడమ వైపు వెనక టైరులో 33, కుడి వైపు దానిలో 32.5.